సిడ్నీలో మా ఇంటి దగ్గర టన్నెల్ పొగగొట్టం: అభ్యంతరం చెప్తే ఏం జరుగుతుంది?

మా సబర్బ్ కింద నుంచి ఒక మోటార్‌వే టన్నెల్ వేస్తున్నారు. లోపలి గాలిని పైకి వదిలే వెంటిలేషన్ స్టాక్, అంటే మేమందరం పొగగొట్టం అని పిలిచేది, మా బాబు చదివే ప్రైమరీ స్కూల్‌కి అర కిలోమీటరు కూడా ఉండదు. దాని మీద అభ్యంతరం చెప్పడం మొదలుపెట్టి ఇప్పటికి రెండేళ్లు దాటింది. మధ్యలో సిడ్నీలో ఉన్న మనవాళ్లు చాలామంది ఫోన్ చేసి "ఏం చెయ్యాలి, ఎలా రాయాలి, వీసాకి ఏమైనా ఇబ్బందా" అని అడిగారు. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను. గాలి నాణ్యత చూసే స్థానికుల కమిటీలో నేనింకా ఉన్నాను కాబట్టి ప్రాజెక్టు పేరు, సబర్బ్ పేరు రాయడం లేదు.

మే నెలాఖరులో లెటర్‌బాక్స్‌లో రంగుల పాంప్లెట్ పడింది. అందులో చెట్లు, సైకిల్ తొక్కే అమ్మాయి, ఎంత ప్రయాణ సమయం తగ్గుతుందో పెద్ద అక్షరాల్లో. వెనక పేజీ మ్యాప్‌లో ఒక చిన్న బూడిద రంగు చతురస్రం, పక్కన "వెంటిలేషన్ ఫెసిలిటీ" అని ఉంది. మావారు చూసి "టన్నెల్ భూమి కింద కదా, మనకేమవుతుంది?" అన్నారు. నేనూ అలాగే అనుకుని ఫ్రిజ్ మీద పెట్టేశాను. రెండు వారాల తర్వాత స్కూల్ గేటు దగ్గర వేరే పిల్లల అమ్మలు మాట్లాడుకుంటుంటే ఆ చతురస్రం ఏంటో అర్థమైంది. అప్పట్నుంచి టెన్షన్ మొదలు.

జూలైలో ఇన్ఫర్మేషన్ సెషన్ పెట్టారు. ముందు ఒకరు మాట్లాడతారు, తర్వాత జనం ప్రశ్నలడుగుతారు అనుకుని వెళ్లాను. అలా ఉండదు. హాలంతా పోస్టర్లు, ఒక్కో పోస్టర్ దగ్గర మెడలో బ్యాడ్జి వేసుకున్న మనిషి. ఎవరి ప్రశ్న వాళ్లు విడిగా అడగాలి. పక్కవాళ్లకి ఏం జవాబు చెప్పారో మనకి వినపడదు. బయట కార్ పార్కింగ్‌లో నిలబడి అందరం జవాబులు పోల్చి చూసుకున్నాం. కొన్ని కలిశాయి, కొన్ని కలవలేదు. మీరు వెళ్తే కనీసం ముగ్గురు కలిసి వెళ్లండి, ఒకరు రాసుకోండి.

గాలి పోస్టర్ దగ్గరున్న అమ్మాయి మాత్రం ఓపిగ్గా చెప్పింది. టన్నెల్ పైకప్పుకి వరుసగా జెట్ ఫ్యాన్లు ఉంటాయి. కార్లు వెళ్లే దిక్కునే గాలినీ తోస్తాయి. కానీ సిడ్నీ కొత్త టన్నెళ్లలో బయటికొచ్చే ద్వారం దగ్గర ఆ గాలిని వదలకూడదని షరతు ఉంది. అందుకని ద్వారం దగ్గర గాలిని కార్లకి ఎదురుగా వెనక్కి లాగి, పొగగొట్టంలోకి తీసుకెళ్లి, వేగంగా పైకి చిమ్ముతారు. పైన కలిసిపోయి పలుచబడి కిందికొచ్చేసరికి పెరిగేది చాలా తక్కువ అని వాళ్ల వాదన. "ఎంత తక్కువ?" అని అడిగాను. "రిపోర్టులో ఉంటుంది, వచ్చే నెల వస్తుంది" అంది.

ఆ రోజు హాల్లో అందరి నోటా ఒకటే మాట, ఫిల్టర్. మా వీధి చివర ఒక రిటైర్డ్ ఇంజినీర్ పెద్దాయన ఉన్నారు. ఆయన ఒకప్పుడు సిడ్నీలోనే ఎం5 ఈస్ట్ అనే పాత టన్నెల్ దగ్గర ఉండేవారట. 2001 డిసెంబర్‌లో తెరిచిన ఆ నాలుగు కిలోమీటర్ల టన్నెల్‌కి టురెల్లాలో ఒకే ఒక పొగగొట్టం పెట్టారు. చుట్టుపక్కల వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. లోపల నడిపేవాళ్లకి పొగమంచులా మసక కనిపించేది. చివరికి 2010లో అక్కడ వడపోత యంత్రం పెట్టి పరీక్షించి చూశారు, అయ్యే ఖర్చుకి తగ్గ ఫలితం లేదని ఆపేశారు. ఆయన పాత పేపర్ కటింగుల ఫైలు తెచ్చి "వీళ్లు ఫిల్టర్ ఇవ్వరమ్మా, కానీ అడగడం మానొద్దు" అన్నారు. మాడ్రిడ్ ఎం-30 టన్నెళ్లకి, హాంకాంగ్‌లో 2019లో తెరిచిన సెంట్రల్-వాన్‌చాయ్ బైపాస్‌కి వడపోత ఉందన్న సంగతి కూడా ఆయన చెబితేనే తెలిసింది. మా సబ్మిషన్లు, అంటే ప్రభుత్వానికి రాసిచ్చిన అభ్యంతరాలు, అన్నిట్లో ఆ రెండు పేర్లూ ఉన్నాయి.

ఆగస్టు చివర్లో అసలు రిపోర్టు, ఎన్విరాన్‌మెంటల్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్, జనం ముందు పెట్టారు. చట్టం ప్రకారం కనీసం 28 రోజులు. మాకు అంతకన్నా కాస్త ఎక్కువే ఇచ్చారు, అయినా సరిపోలేదు. మొత్తం వేల పేజీలు. మొదటి నుంచి చదువుదామని కూర్చుని, నాలుగు రాత్రులు ప్రాజెక్టు వల్ల లాభాలే చదివాను. ఆ తప్పు మీరు చెయ్యొద్దు. ముందు గాలి నాణ్యత అనుబంధం తెరవండి, దాని చివర్లో ఉన్న పట్టికలకి వెళ్లండి. ప్రతి స్కూల్‌కి, హాస్పిటల్‌కి, ఏజ్డ్ కేర్‌కి (వృద్ధులని చూసుకునే కేంద్రం) ఒక నంబర్ ఇస్తారు. మీ స్కూల్ నంబర్ పట్టుకుంటే, అక్కడ టన్నెల్ లేకపోతే గాలి ఎలా ఉంటుంది, ఉంటే ఎలా ఉంటుంది, పక్కపక్కనే కనిపిస్తుంది.

బాబు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ వరుసలో వేలు పెట్టి చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. భయం నేననుకున్న అంకె వల్ల కాదు. పీఎం 2.5 కి, అంటే గాలిలో ఉండే సన్నని ధూళికి, ఆస్ట్రేలియా పెట్టుకున్న పరిమితి ఏడాది సగటున క్యూబిక్ మీటరుకి 8 మైక్రోగ్రాములు. దాన్ని 2025 నాటికి 7 కి దించాలని లక్ష్యం పెట్టుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 2021లో తన సూచనని 10 నుంచి 5 కి తగ్గించింది. మా స్కూల్ దగ్గర టన్నెల్ రాకముందే గాలి పరిమితి అంచున ఉంది. టన్నెల్ కలిపేది దశాంశ బిందువు తర్వాతి అంకె. రిపోర్టు రాసినవాళ్లకి అది "చాలా స్వల్పం". నాకేమో "ఇక చోటే లేదు కదా" అనిపించింది. రెండూ ఒకే పట్టిక చూసి అన్న మాటలే.

ఆ పట్టికలోనే ఇంకో సంగతి ఉంది. కాలుష్యం ఎక్కడి నుంచి వస్తోందో విడివిడిగా ఇచ్చారు: ముందే ఉన్న గాలి, నేల మీద రోడ్లు, పొగగొట్టాలు. పొగగొట్టం వాటా అన్నిటికన్నా చిన్నది. మా స్కూల్ దగ్గర మార్పు తెచ్చేది నేల మీద రోడ్డు. టన్నెల్ ద్వారం చేరుకోవడానికి కార్లన్నీ మా మెయిన్ రోడ్డు మీదికే వస్తాయి. ఆ రోడ్డు స్కూల్ వెనక గోడని ఆనుకుని వెళ్తుంది. వేరే రోడ్ల మీద ట్రాఫిక్ తగ్గి గాలి బాగుపడుతుందని మ్యాప్‌లో పచ్చ రంగు వేశారు, నిజమే. మా రోడ్డు మాత్రం ఎర్రగా ఉంది.

ఇది టన్నెల్ మీద అభ్యంతరం చెప్పే మావాళ్ల గ్రూప్‌లో చెప్పినప్పుడు గొడవైంది. అందరి కోపమూ పొగగొట్టం మీద. కంటికి కనిపించేది, ఫోటో తీయగలిగేది, బ్యానర్ మీద గీయగలిగేది అదే. నేను రోడ్డు గురించి మాట్లాడితే ఒకావిడ "మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?" అని అందరి ముందూ అడిగేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వదిలేద్దామా అనుకున్నాను. ఇంజినీర్ పెద్దాయనే మర్నాడు ఫోన్ చేసి, ఆ పట్టిక తనూ చూశానని, రెండూ అడుగుదామని అన్నారు. ఫిల్టర్ అడిగేవాళ్లు ఫిల్టర్ అడిగారు, మేం కొద్దిమందిమి రోడ్డు గురించి రాశాం. ఇప్పుడు ఆలోచిస్తే అలా విడిపోయి రాయడమే మంచిదైంది.

సబ్మిషన్ పెట్టడం గురించి కాస్త వివరంగా చెప్తాను, అందరూ ఇక్కడే తడబడ్డారు. ప్లానింగ్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరవాలి. సమర్థిస్తున్నారా, వ్యతిరేకిస్తున్నారా, లేక అభిప్రాయం మాత్రమేనా అని అడుగుతుంది. గత రెండేళ్లలో రాజకీయ పార్టీలకి 1000 డాలర్లు, అంతకన్నా ఎక్కువ విరాళం ఇచ్చారా అని డిక్లరేషన్ అడుగుతుంది. అది చూసి మా పక్కింటివాళ్లు ఏదో కేసు అవుతుందేమోనని పేజీ మూసేశారు. ఇవ్వకపోతే లేదని టిక్ పెట్టి ముందుకెళ్లడమే. మీరు రాసింది అందరూ చదివేలా ప్రచురిస్తారు. పేరు దాచమని అడిగే వీలుంది, కానీ పేరా మధ్యలో మీ ఇంటి నంబర్, పిల్లల పేర్లు రాస్తే అవి దాగవు. పీఆర్ (శాశ్వత నివాస హక్కు), సిటిజన్‌షిప్ ఏదీ అక్కర్లేదు, ఎవరైనా రాయొచ్చు. టెంపరరీ వీసా మీద ఉన్న మనవాళ్లు దీనికే ఎక్కువ భయపడ్డారు. ఇద్దరు ముగ్గురికి పక్కన కూర్చుని పెట్టించాను.

గ్రూప్ వాళ్లు ఒక రెడీమేడ్ ఉత్తరం తయారుచేశారు. సంతకం పెట్టి పంపితే చాలు. సంఖ్య పెరుగుతుంది, పేపర్లో రాసుకోవచ్చు, అంతవరకే దాని ఉపయోగం. ఒకేలా ఉన్నవన్నీ ఒక కట్టలో పెట్టి ఒకే జవాబిస్తారు. నేను సొంతంగా రాసింది రెండు పేజీలు. స్కూల్ నంబర్, పట్టిక పేజీ, నేల రోడ్డు వాటా, అక్కడ గాలిని కొలిచే మానిటర్ ఎందుకు లేదు అన్న ప్రశ్న. చివరి రోజు రాత్రి పదకొండింటికి వెబ్‌సైట్ నత్తనడక నడిచింది. చివరి రోజు దాకా ఆగొద్దు.

ఈలోపు రోడ్డు ట్రాఫిక్ లెక్కలు కావాలని జీఐపీఏ కింద దరఖాస్తు పెట్టాను. మన సమాచార హక్కు లాంటిదే, కానీ మన పది రూపాయల ఫీజు ఊహించుకోకండి. దరఖాస్తుకి 30 డాలర్లు, తర్వాత వాళ్లు వెతకడానికి పట్టే ప్రతి గంటకీ ఇంకో 30. జవాబుకి 20 పని దినాలు. మొదట "ఈ రోడ్డుకి సంబంధించిన అన్ని పత్రాలు" అని అడిగాను, డిపాజిట్ కట్టమని వాళ్లు పంపిన అంచనా చూసి గుండె గుభేలుమంది. ఫోన్ చేసి అడిగితే ఆ ఆఫీసులో ఒకాయన, రెండు కూడళ్లు, ఒక్క ఏడాది అని కుదించి రాయమని సలహా ఇచ్చాడు. ప్రజలకి ప్రయోజనం ఉందని చూపిస్తే గంటల ఫీజులో సగం తగ్గుతుందని కూడా ఆయనే చెప్పాడు. తగ్గించారు. వచ్చినవాటిలో సగం నల్ల గీతలు కొట్టిన ఈమెయిల్స్. ఒక్క స్ప్రెడ్‌షీట్ మాత్రం పనికొచ్చింది, ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా మా కూడలిలో ఎన్ని లారీలు తిరుగుతాయో అందులో ఉంది.

ఇంకో ఖర్చు సెన్సర్. మేం నాలుగిళ్ల వాళ్లం చిన్న లేజర్ సెన్సర్లు కొని ఇళ్ల బయట బిగించాం. చలికాలంలో ప్రతి సాయంత్రం ఏడు దాటగానే గీత ఒక్కసారిగా పైకి లేచేది. రోడ్డు వల్లే అని సంబరపడ్డాం, అదేం సంబరమో! తర్వాత తెలిసింది, అది ఇళ్లలో కట్టెల హీటర్ల పొగ. సిడ్నీ చలికాలంలో సన్నని ధూళికి పెద్ద కారణాల్లో అదొకటి. వీధిలో ఫిల్టర్ కావాలని బోర్డు పెట్టినవాళ్లలో ఇద్దరి ఇళ్లలో కట్టెల హీటర్లు ఉన్నాయి. ఆ మాట మీటింగ్‌లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పొగమంచు ఉన్న రోజు తేమ వల్ల కూడా ఈ చవక సెన్సర్లు ఎక్కువ చూపిస్తాయి. సాక్ష్యంగా ఎవరూ ఒప్పుకోరు. కానీ ఏ సమయంలో ఏం జరుగుతోందో మనకి తెలుస్తుంది, రోడ్డు పక్క ఇంట్లో ఉదయం వచ్చే చిన్న గుట్ట నాకు అలాగే కనపడింది.

సెప్టెంబర్ తర్వాత నిశ్శబ్దం. దీని గురించి నాకెవరూ ముందే చెప్పలేదు. దాదాపు ఎనిమిది నెలలు ఏ కబురూ లేదు. గ్రూప్ చాట్ మొదట్లో రోజుకి వంద మెసేజ్‌లతో మోగేది, సంక్రాంతి నాటికి ఎవరో తప్పిపోయిన పిల్లి ఫోటో పెట్టడమే మిగిలింది. ఇద్దరు ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోయారు. మావారు కూడా "మనమూ అమ్మేద్దామా" అని ఒకసారి అడిగారు. కొనేవాళ్లకి పొగగొట్టం గురించి చెప్పి అమ్మితే వచ్చే ధర, చెప్పకుండా అమ్మితే వచ్చే నిద్ర, రెండూ లెక్కేసుకుని ఊరుకున్నాం.

మరుసటి ఏడాది మేలో సబ్మిషన్లకి జవాబుల పుస్తకం వచ్చింది. నా సబ్మిషన్ నంబర్ వెతుక్కున్నాను. రెండు పేజీలు రాసింది నాలుగు కోడ్‌లుగా విడగొట్టి, వేర్వేరు అధ్యాయాల్లో వేర్వేరు మనుషుల మాటలతో కలిపేశారు. ఫిల్టర్ గురించి జవాబు ఎం5 ఈస్ట్ నాటిదే: ఖర్చు ఎక్కువ, కరెంటు ఎక్కువ, నేల మీద తేడా తక్కువ. మాడ్రిడ్, హాంకాంగ్ పరిస్థితులు వేరు అన్నారు. నా రోడ్డు ప్రశ్న దగ్గర మాత్రం, టన్నెల్ తెరిచాక ఆ రోడ్డు పనితీరు సమీక్షిస్తామని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో.

2018లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం పెట్టిన పద్ధతి ప్రకారం, పొగగొట్టం నుంచి వచ్చేదాని మీద నిపుణుల కమిటీ సమీక్ష, చీఫ్ హెల్త్ ఆఫీసర్ ప్రకటన ఉంటాయి. పొగగొట్టాల మీద ఈపీఏకి (పర్యావరణ పరిరక్షణ సంస్థ) లైసెన్స్ అధికారం ఇవ్వడం కూడా అప్పటి నిర్ణయమే. ఆ పత్రాలు చిన్నవి, సూటిగా ఉంటాయి. నన్నడిగితే పెద్ద రిపోర్టు కన్నా ముందు అవే చదవాలి.

డిసెంబర్‌లో, స్కూళ్లకి సెలవులిచ్చే వారం, మంత్రి ఆమోదం వచ్చేసింది. ఫిల్టర్ లేదు. ఒక కమ్యూనిటీ లీగల్ సెంటర్ లాయర్‌ని కలిశాం, మొదటి సలహాకి డబ్బు తీసుకోలేదు. ఆవిడ పది నిమిషాల్లో తేల్చేసింది. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అని కోర్టులో అప్పీలు చేసే దారి లేదు. "క్రిటికల్" అని ముద్ర వేసిన ప్రాజెక్టు అయితే, చట్టం ఉల్లంఘించారని బయటివాళ్లు కేసు వెయ్యాలన్నా మంత్రి అనుమతి కావాలి. "ఆయన మీద కేసుకి ఆయన్నే అడగాలా?" అన్నారు పెద్దాయన. లాయర్ నవ్వలేదు. కార్లో తిరిగొస్తూ ఎవరం మాట్లాడుకోలేదు. నాకు ఏడుపు రాలేదు కానీ, ఇంటికొచ్చి ఆ పాంప్లెట్ చింపేశాను.

జనవరిలో షరతుల జాబితా తీసి చదివితే వంద పైనే ఉన్నాయి. అందులో ఒకటి: గాలి నాణ్యత మీద స్థానికులతో ఒక కమిటీ వెయ్యాలి, మానిటర్లు ఎక్కడ పెట్టాలో వాళ్లని సంప్రదించాలి, టన్నెల్ తెరవడానికి ముందు ఏడాది, తర్వాత కనీసం రెండేళ్లు కొలవాలి, లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. గ్రూప్‌లో చాలామంది "వాళ్ల కమిటీలో కూర్చుంటే ఒప్పుకున్నట్టే" అన్నారు. నేను దరఖాస్తు పెట్టాను. జీతం లేదు, మూడు నెలలకోసారి సాయంత్రం మీటింగ్, బాబుని చూసుకోడానికి మావారు ఆఫీసు నుంచి త్వరగా రావాలి.

మానిటర్ చోటు కోసం జరిగిన వాదన మొత్తం కథలో నాకు బాగా గుర్తుండేది. కన్సల్టెంట్లు పార్కులో పెడతామన్నారు. కరెంటు ఉంది, కంచె ఉంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేం స్కూల్ వెనక గోడ దగ్గర, మెయిన్ రోడ్డు వైపు కావాలన్నాం. కొలిచే యంత్రం పెట్టడానికి ఆస్ట్రేలియన్ స్టాండర్డ్ ఉంది, పైన ఆకాశం 120 డిగ్రీల మేర తెరుచుకుని ఉండాలి, చెట్లకి దూరంగా ఉండాలి. మా గోడ పొడుగునా పేపర్‌బార్క్ చెట్లు. ఒక శనివారం ఉదయం కన్సల్టెంట్ కుర్రాడు, నేను, పెద్దాయన టేపు పట్టుకుని గోడ వెంట నడిచాం. అతను కోణం కొలిచే పరికరం కంటికి ఆనించి చూస్తూ ప్రతి చెట్టు దగ్గరా తల అడ్డంగా ఊపాడు. చివర్లో టీచర్ల కార్ పార్కింగ్ మూల, బస్టాప్ పక్కన, ఒక్క ఖాళీ దొరికింది. "ఇక్కడ కుదురుతుందనుకుంటా" అన్నాడు. రెండు కార్ల పార్కింగ్ పోతుందని స్కూల్ వాళ్లు నెలన్నర ఆలోచించి సరేనన్నారు. పార్కులో ఒకటి, బస్టాప్ మూలలో ఒకటి.

ఖర్చు ఎంతయిందని అందరూ అడుగుతారు. నా జేబు నుంచి సెన్సర్, జీఐపీఏ ఫీజు, కరపత్రాల ప్రింటింగ్‌లో నా వాటా కలిపి వెయ్యి డాలర్ల లోపే. స్వతంత్ర నిపుణుడితో రిపోర్టు చదివించడానికి వేలల్లో అవుతుంది, అది మా కౌన్సిల్ (మున్సిపాలిటీ లాంటిది) పెట్టుకుంది. మీ కౌన్సిల్ కూడా సొంత సబ్మిషన్ ఇస్తోందేమో ముందే కనుక్కోండి, ఇస్తుంటే ఆ నిపుణుడికి మీ స్కూల్ నంబర్ అందేలా చూడండి. అసలు ఖర్చు సెలవులు, సాయంత్రాలు.

ఒక పిట్టకథ. ఇంత చదివాక టన్నెల్‌లోకి వెళ్లే ముందే కిటికీలు ఎక్కించి, ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టడం అలవాటైంది. లోపల బండ్ల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ సగటు 15 నిమిషాలకి 0.5 పీపీఎం (పది లక్షల భాగాల్లో అర భాగం) దాటకూడదని కొత్త టన్నెళ్లకి పరిమితి ఉంది, అయినా బయటి గాలితో పోలిస్తే లోపలిది ఎప్పుడూ చిక్కనిదే. బయటికొచ్చాక మళ్లీ మార్చడం మర్చిపోతే కార్లో మన ఊపిరే ముద్దగా పేరుకుపోతుంది. మా బాబు గుర్తు చేస్తుంటాడు.

టన్నెల్ ఇంకా తెరవలేదు. రెండు మానిటర్లూ పనిచేస్తున్నాయి, మొదటి మూడు నెలల లెక్కలు పోయిన మీటింగ్‌లో చూపించారు. సాయంత్రం పీఎం 2.5 రెండు చోట్లా కలిసే లేస్తోంది, కట్టెల పొగ. ఉదయం నైట్రోజన్ డయాక్సైడ్ మాత్రం బస్టాప్ మూలలో పార్కు కన్నా స్పష్టంగా ఎక్కువ ఉంది. ఈ తేడా పార్కు మానిటర్ ఒక్కటే ఉంటే కాగితం మీదికి వచ్చేది కాదు. అయితే బస్టాప్ మానిటర్‌లో వరుసగా నాలుగు రోజులు ఖాళీ ఉంది. క్యాలిబ్రేషన్, అంటే యంత్రం సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూడటం, అన్నారు. క్యాలిబ్రేషన్‌కి నాలుగు రోజులు ఎందుకని, సర్వీస్ లాగ్ పంపమని మెయిల్ పెట్టాను. మీటింగ్ స్కూల్ సెలవుల తర్వాత. లాగ్ ఇంకా రాలేదు.